పదిదాకా రాదు

"లైన్‌మన్ యాడప్పా?" అంటూ హనుమప్ప సబ్‌స్టేషన్ గుమ్మంలో నిలబడ్డాడు.

ఆదివారం సాయంత్రం నాలుగున్నర. ఆపరేటర్ తిరుపాల్ చిన్న టీవీ ముందు నుంచి లేవలేదు. జపానులో ప్రపంచకప్పు ఫుట్‌బాల్ ఫైనల్ అప్పుడే మొదలైంది. అతని తల ఇంకా దిమ్ముగానే ఉంది.

"కంప్లయింటు మీద పోయినాడు పెద్దాయనా. చెన్నేకొత్తపల్లి పక్క."

అబద్ధం. లైన్‌మన్ దుర్గాప్రసాద్ బెంగళూరులో ఉన్నాడు. శనివారం ఇద్దరూ కలిసే పెనుకొండలో రైలెక్కారు. అర్ధరాత్రి దాటినా దీపాలు ఆరని వీధుల్లో తిరిగారు. బారులో గోడంత టీవీ. సరిహద్దులో సైన్యాలు ఎదురెదురుగా నిలబడ్డాయని, యుద్ధం రావచ్చని వార్తల్లో చెబుతుంటే ఎవరో ఆట పెట్టమన్నారు. పెట్టారు. డ్యూటీ ఉంది కాబట్టి తిరుపాల్ పొద్దున్నే వచ్చేశాడు. ఫైనల్ ఆ గోడమీదే చూస్తానని దుర్గాప్రసాద్ ఉండిపోయాడు.

తోట దగ్గర ట్రాన్స్‌ఫార్మర్‌లో ఫ్యూజు పోయి రెండు రోజులైందని హనుమప్ప చెప్పుకొచ్చాడు. మల్బరీ ఆకు వాడిపోయింది. నాలుగో జ్వరం లేచి, పాతపొర విడిచిన పట్టుపురుగులు తట్టల్లో ఆకలితో తలలెత్తుతున్నాయి. ఇంకో వారం మేపితే గూళ్లు కడతాయి, హిందూపురం మార్కెట్టుకు పోతాయి. ఈ రాత్రికి తోటకు నీళ్లు పారకపోతే తట్టలన్నీ దిబ్బలో కుమ్మరించాల్సిందే.

"నువ్వన్నా వచ్చి ఆ తీగ కట్టిపో నాయనా."

"నేను ఈడనుంచి కదిలేదానికి లేదు. కదిలితే ఉద్యోగం పోతాది."

అది మాత్రం నిజం. హనుమప్ప కాసేపు టీవీ వంక చూశాడు.

"అంతమందికీ ఒకటే బంతా?"

"ఒకటే."

"మన లైన్‌మన్ మాదిరే."

తిరుపాల్ నవ్వలేకపోయాడు. హనుమప్ప గడప దిగి, మళ్లీ వెనక్కి తిరిగాడు.

"కరెంటు ఎప్పుడొస్తాది?"

"కోత అయిపోయినాక, రాత్రి పదికి."

"అంతకు ముందర రాదా?"

ముసలాయన ముందుగా ఇమ్మని బతిమాలుతున్నాడనుకుని తిరుపాల్ విసుక్కున్నాడు.

"ఎవరొచ్చి అడిగినా రాదు పెద్దాయనా."

హనుమప్ప తల ఊపి, తోట దారి పట్టాడు.

ఆట సగమయ్యేసరికి ఊరివాళ్లు ఇరవైమంది గేటు దగ్గర చేరారు. మిగతా సగమైనా చూస్తాం, కరెంటు ఇమ్మన్నారు. తిరుపాల్ కుదరదన్నాడు. పట్నం మరిగినోడికి పల్లెటూరోళ్లు యాడ కనపడతారని ఒకడు ఎత్తిపొడిచాడు. ఇంతలో ఫోను మోగింది. మండల నాయకుడు. ఇంట్లో పిల్లలు ఆట కోసం ఏడుస్తున్నారట. తిరుపాల్ పైఆఫీసరుకు ఫోను చేసి ఏం చేయమంటారని అడిగాడు.

"ఇచ్చెయ్. రిజిస్టర్లో రాయొద్దు" అని ఆయన పెట్టేశాడు.

తిరుపాల్ లైను ఆన్ చేశాడు. ఒక్క క్షణం నిలిచి స్విచ్చు టప్పున దానంతటదే పడిపోయింది. తీగలకు కాకో కొమ్మో తగిలి ఉంటుంది, రోజూ ఉండేదే. మళ్లీ ఆన్ చేశాడు. ఈసారి నిలిచింది. ఊళ్లో ఈలలు వినిపించాయి. కాసేపటికి బ్రెజిల్ గోలు కొట్టింది. ఆ తర్వాత ఇంకొకటి.

ఆట ముగియకముందే, హనుమప్ప పక్క తోట చౌడక్క జుట్టు విరబోసుకుని గేటు తోసుకుంటూ వచ్చింది. ఆమె చేతిలో మసిబారిన చిన్న రాగితీగ ముక్క ఉంది.

"ఫ్యూజు కట్టుకుందామని పైకెక్కినాడప్పా" అంది. "పదిదాకా రాదని నువ్వే చెప్పినావంట కదా."