పెరటి వైపు కూత

మూతపడిన రైలు లైనుకి చరిత్ర రాద్దామని లెక్చరరమ్మ బయలుదేరితే, ఎవరిని కదిపినా ఆ కూత గురించే చెప్పారు.

"సాయంత్రం బండి వంతెన దాటగానే కూత మొదలయ్యేదమ్మా. అక్కడ గేటు లేదు, మలుపు లేదు. ఇళ్ల పెరళ్లు, ఆరేసిన బట్టలు, అంతే. ఎవరికోసం వేసేవాడో ఆ డ్రైవరునే అడగాలి," అన్నాడు పాత స్టేషను ఎదురుగా సైకిళ్లు బాగుచేసే ఆయన.

డ్రైవరు ఇంకా ఉన్నాడు. కాకపోతే మంచం పట్టాడు. లెక్చరరమ్మ మాటలు రికార్డు చేసుకోవడానికి ఫోను తలగడ పక్కన పెట్టి కూర్చుంది.

"రైలు ఆగిపోయింది గానీ ఈయన కూత ఆగలేదమ్మా. టీ కాస్త ఆలస్యమైందా, ఇల్లు ఎగిరిపోతుంది," అంది ఆయన భార్య గ్లాసు అందిస్తూ.

"నువ్వు ఊరుకోవే," అని ఆయన మొదలుపెట్టాడు.

ఆ బండికి జనం పెట్టిన పేరు నత్త. నడిచే బండి దిగి, కట్ట పక్కన జామకాయ కోసుకుని, మళ్లీ అదే పెట్టెలో ఎక్కేవారట. బస్సులు వచ్చాక జనం పలచబడ్డారు. జనం పలచబడ్డాక లైను మూసేశారు. అన్నీ చెప్పాడు. కూత మాట వచ్చేసరికి దాటేశాడు.

"పెద్ద లైనుకి ప్రమోషను ఇస్తామన్నా మీరు ఈ నత్తనే పట్టుకుని ఎందుకు వేలాడారు బాబాయిగారూ?"

ఆయన గోడ వైపు తిరిగిపోయాడు. భార్యే చెప్పింది.

"ఆ పెరళ్లలో ఒకటి ఈయన చెల్లెలిదమ్మా."

తల్లీ తండ్రీ పోయాక ఆ పిల్లని పెంచింది ఈయనే. జడ కూడా తనే వేసేవాడు, వంకరటింకరగా. రైల్వే క్వార్టర్లలో పుట్టిన పిల్ల కదా, పక్క మీద నుంచే కూత విని ఏ డ్రైవరు వెళుతున్నాడో చెప్పేసేది. అన్న ఇంజను ఎక్కాక ఇంటి మీదుగా వెళుతూ రెండు పొట్టి కూతలూ ఒక పొడుగు కూతా వేసేవాడు. వచ్చేస్తున్నాను, అన్నం వడ్డించు అని దాని అర్థం. ఆ పిల్ల వంటింట్లోకి పరుగు తీసేది.

అలాంటి పిల్ల, తనకి నచ్చిన దర్జీని చేసుకుంటానంది. అన్నకి నచ్చలేదు. మాటా మాటా పెరిగింది. "ఇక నువ్వు నాకు చచ్చినదానితో సమానం," అనేశాడు. ఆ పిల్ల కట్టుబట్టలతో వెళ్లిపోయింది. మళ్లీ కబురు లేదు, కాకరకాయ లేదు.

కోపం దిగడానికి మూడు నాలుగేళ్లు పట్టింది. దిగాక, చెల్లెలు కాపురముండే చోటు వాకబు చేసి, ఆ లైనుకే బదిలీ వేయించుకున్నాడు.

"తిన్నగా వెళ్లి తలుపు తట్టొచ్చుగా?"

"ఏ మొహం పెట్టుకుని వెళ్లనమ్మా?" ఈసారి ఆయనే నోరు విప్పాడు. "చచ్చావన్న నోటితో బాగున్నావా అని ఎలా అడగను? అందుకే కూత వేశాను. మా కూత. అది ఒక్కసారి పెరట్లోకొచ్చి నిలబడితే చాలు, బండి ఆపేసి దిగిపోదామనుకున్నా. ఉద్యోగం పోతే పోనీ. రోజూ చూశాను. ఆ పెరటి తలుపు తెరుచుకోలేదు. ఆఖరి రోజున వంతెన దగ్గర్నించి స్టేషను దాకా చెయ్యి తియ్యకుండా వేశాను. ఊరు ఊరంతా బయటికొచ్చి కళ్లు తుడుచుకుంది. అది మాత్రం రాలేదు."

ఆయన భార్య ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

"నువ్వెలాగూ ఆ దారంతా తిరుగుతున్నావు. దాన్ని ఒక్క మాట అడిగి రా తల్లీ. నేను అంత కానివాణ్ణయిపోయానా అని. తిట్టినా సరే, ఉన్నదున్నట్టు చెప్పు. అది వినే పోతాను."

మర్నాడు లెక్చరరమ్మ పట్టాలు పీకేసిన కట్ట మీద నడుచుకుంటూ వెళ్లింది. చుట్టూ తిరిగి వీధి వైపుకి వచ్చేసరికి ఆ ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. ముందు గదిలో కుట్టుమిషను. దాని దగ్గర కూర్చుని ఒకావిడ చొక్కాకి కాజాలు కుడుతోంది. చెల్లెలి కూతురట.

"రైలు మీద పుస్తకమా!" నవ్విందావిడ. "ఉతికిన బట్టల మీద మసి పొయ్యడం తప్ప మాకేం చేసిందండీ ఆ రైలు? ఆ మసికి భయపడే పెరటి తలుపు గడియ వేసి ఉంచేవాళ్లం."

"అమ్మగారు ఉన్నారా?"

"పోయినేడే పోయింది."

లెక్చరరమ్మ స్టూలు మీద కూలబడింది. "మీ మేనమామగారు పంపారమ్మా," అంది.

సూది ఆగింది.

"ఇప్పుడా? ఇప్పుడు గుర్తొచ్చామా?" అందావిడ. "ఈ మిషను ఇలా వీధికి ఎదురుగా వేయించింది అమ్మే. తలెత్తితే గుమ్మం కనబడాలి. పగలు ఈ తలుపు దగ్గరగా వేసినా ఊరుకునేది కాదు. అన్నయ్యకి కోపమే గానీ మనసులో ఏమీ ఉండదే, ఎప్పుడో వస్తాడు, వచ్చినవాడు తట్టి తట్టి వెళ్లిపోకూడదు అనేది. చూసి చూసి పోయింది. ఆయనకి ఈ గుమ్మం అంత దూరమైపోయిందా?"

"రోజూ వచ్చారమ్మా. ఆ సాయంత్రం బండి నడిపింది ఆయనే. మీ అమ్మగారు పెరట్లోకి రావాలని రోజూ కూత వేశారు. వాళ్లిద్దరికీ తెలిసిన కూతే. ఆవిడెందుకు రాలేదు?"

ఆవిడ చేతిలోంచి చొక్కా జారింది. గడియ వేసి ఉన్న పెరటి తలుపు వైపు తిరిగింది.

"నేను పుట్టినప్పుడు వచ్చిన జ్వరానికే మా అమ్మకి రెండు చెవులూ పోయాయండీ."