సోములు దొరికేదాకా

“ఓడ వచ్చి నిలబడింది. మీ పడవలేవి?” అంటూ మురళీమోహన్ ఇసకలో పడుతూ లేస్తూ వచ్చాడు. ఓడ కంపెనీకి అక్కుపల్లి రేవులో మేనేజరు అతను.

ఊరి పడవలన్నిటికీ పెద్దయిన పోలారావు తలెత్తలేదు. డీజిలు డబ్బా పడవలోకి అందిస్తూ, “పడవలు రావు బాబూ. మావోడు సోములు నిన్నట్నించి అగుపడ్నేదు. తెప్ప బోర్లాపడి దొరికింది, మనిషి దొరక్నేదు” అన్నాడు.

మురళీమోహన్ సముద్రం వైపు చూశాడు. దూరాన తెల్లటి విహారనౌక లంగరేసుకుని ఉంది. పూరీ దాకా షికారు వెళ్లొచ్చినవాళ్లు అందులోంచి దిగాలి. పలాస స్టేషన్ నుంచి బస్సుల్లో వచ్చి, షామియానా కింద కూర్చున్నవాళ్లు ఎక్కాలి. రేవుకి ఇంకా జెట్టీ లేదు. ఇక్కడి కెరటాలు దాటించి జనాన్ని చేరవెయ్యడం అక్కుపల్లి వాళ్లకే చెల్లింది. ఓడవాళ్లు తమ సొంత పడవలతో ఒకసారి ప్రయత్నించి, బోల్తాకొట్టి, లెంపలేసుకున్నారు.

“వెతకండి, పాపం. నేనేం వద్దనను. రెండు పడవలు మాత్రం ఇటివ్వండి, చాలు.”

“ఒక్కటీ ఇవ్వం. సముద్రంలో మనిషి తప్పిపోతే, ఆడు దొరికేదాకా మా ఊరోలు యేటకీ దిగరు, కిరాయికీ దిగరు. తాతలకాడ్నించీ ఉన్న కట్టుబాటిది.”

“ఒకవేళ దొరక్కపోతే?”

నోరు జారాక గాని పక్కనెవరున్నారో చూసుకోలేదు. సోములు భార్య బంగారమ్మ తడి ఇసకలో కూర్చుని ఉంది. నిన్నటి నుంచి పచ్చి మంచినీళ్లయినా ముట్టలేదు. ఆమె తిట్టినా బాగుండేది. సముద్రం మీంచి చూపైనా తిప్పలేదు.

అంతలో ఫోను మోగింది. ఓడ కెప్టెన్. మురళీమోహన్ హడలిపోయి, “పది నిమిషాలు సార్, పడవలు బయల్దేరాయి సార్” అని హిందీలో గుక్క తిప్పుకోకుండా చెప్పి, అవతలి మాట వినకుండానే పెట్టేశాడు. తిట్లు తప్పించుకోవడానికి ఇంతకన్నా మంచి ఉపాయం ఉద్యోగస్తుడెవరూ ఇంతవరకూ కనిపెట్టలేదు.

పడవలో ఇంజను తాడు పట్టుకున్న కుర్రాడు సుమన్ పోలారావుతో మెల్లిగా గొణిగాడు. “మావా, ఆలకి కోపమొచ్చి ఓడ ఎత్తుకుపోతే మళ్లీ రారు. కిరాయి పోద్ది. నానొక్కడ్నీ గబగబా ఆలని దించేసి...”

“రేపు నువ్వు తప్పిపోతావు. నీ పెళ్లాం ఇలగే ఒడ్డున కూకుంటాది. అప్పుడు మేం షికారోలని ఎక్కించుకు తిరగాలేట్రా?”

సుమన్ ఇంజను తాడు లాగాడు. నీటి లాగుడు ఉత్తరానికి ఉంది కనక పడవలన్నీ అటే వెళ్లిపోయాయి. నిలబడ్డ ఓడ వైపు ఎవరూ కన్నెత్తి చూడలేదు.

మధ్యాహ్నానికి షామియానా కింద కొబ్బరి బొండాలు అయిపోయాయి, ఓపికలూ అయిపోయాయి. “డబ్బులిచ్చి ఎండబెట్టించుకుంటున్నామా?” అని ఒకాయన కాలరు పట్టుకోబోయాడు. మేనేజరు అటు ఒడ్డుకీ ఇటు షామియానాకీ కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. కెప్టెన్ మళ్లీ మళ్లీ ఫోన్ చేస్తూనే ఉన్నాడు. ఒకసారి ఏదో చెప్పబోయాడు కూడా. మనవాడు చెప్పనిస్తేనా!

పొద్దు వాలుతుండగా హెడ్డాఫీసు నుంచి కబురు రానే వచ్చింది. ఓడలో ఉన్నవాళ్లని విశాఖలో దించేస్తారు. ఒడ్డున ఉన్నవాళ్లకి డబ్బు వాపసు. ఇక మీదట ఆ రేవు నుంచి ఓడ బయల్దేరదు.

“మీ రేవు ఎత్తేశారు, పెద్దాయనా. మళ్లీ రమ్మన్నా రారు” అన్నాడు మురళీమోహన్ ఒడ్డున కనిపెట్టుకునున్న పోలారావుతో. విచిత్రంగా అతనికే ప్రాణం కాస్త తెరిపిన పడింది. ఇంక ఎవరికీ అబద్ధం చెప్పక్కర్లేదు.

“ఎత్తీనీ బాబూ. ఓడ పోతే మరోటొత్తాది. మనిషి పోతే ఒత్తాడేటి?”

ఓడ కూత వేసి దక్షిణానికి తిరిగింది. అదే సమయానికి ఉత్తరం నుంచి పడవలు వచ్చాయి. బంగారమ్మ లేచి నిలబడింది. సుమన్ దిగుతూ తల దించుకోవడం చూసి మళ్లీ కూలబడిపోయింది. కొంగు నోట్లో కుక్కుకున్నా ఏడుపు ఆగలేదు. పోలారావు అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

మేనేజరు ఫోను మళ్లీ మోగింది. కెప్టెనే. పోయేదంతా పోయాక ఇంక భయమెందుకని, ఆ రోజుకి మొదటిసారి అతను చెప్పేది వింటూ నిలబడ్డాడు. వింటూ వింటూ నోరు తెరిచాడు.

“ఏటయింది బాబూ?” అన్నాడు పోలారావు.

“తెల్లారగట్ల పూరీ నుంచి వస్తుంటే, నీళ్లలో ఎవరో థర్మాకోల్ ముక్క పట్టుకుని తేలుతూ కనబడ్డాట్ట. ఓడలోకి ఎక్కించుకున్నార్ట. పొద్దుటి నుంచీ నాకు చెప్పాలని చూస్తున్నాట్ట కెప్టెన్...” అతను ఫోను చెవికి గట్టిగా అదుముకున్నాడు. “ఊరు అక్కుపల్లి, పేరు సోములు అంటున్నాట్ట!”

ఒడ్డు ఒడ్డంతా ఒక్కసారి కేక పెట్టింది. పోలారావు సముద్రానికి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి, అలాగే ఇసకలో చతికిలబడ్డాడు. సుమన్ మేనేజర్ని అమాంతం ఎత్తి గిరగిరా తిప్పాడు. ఉద్యోగం ఉందో ఊడిందో తెలియని మేనేజరు కూడా గలగలా నవ్వేశాడు.

అవతల కెప్టెన్ సోములుకి ఫోనిచ్చాడు, ఇవతల బంగారమ్మ అందుకుంది. “ఏవయ్యా...” అంది. ఆపైన వెక్కిళ్లే.

“ఏటే, ఏడుత్తన్నావా? నాను బాగానే ఉన్నాన్లే. అయితే గాని, నన్ను దించుతారని పొద్దున్నించి ఎదురుసూత్తన్నాను, మనూరి పడవొక్కటీ రాదేటే? ఎవులైనా సముద్రంలో తప్పిపోయేరేటి?”