చేలో మోగని డబ్బా

వేరుశనగ చేలో కాపలావాళ్లు రేకు డబ్బా మోగిస్తే చాలు, చెవులపిల్లులన్నీ పరుగు తీసేవి. పంట ఇంటికి చేరింది. కాపలావాళ్లూ వెళ్లిపోయారు. చెవులపిల్లులన్నీ తిరిగొచ్చి చేలో మిగిలిన కాయలు ఏరుకు తింటున్నాయి.

ఒక్కదానికి మాత్రం డబ్బా మోత ఆగలేదు. చేను గట్టు ఎక్కితే చాలు, డబడబమని వినిపించేది. పారిపోయేది. పరిగెత్తేకొద్దీ మోత ఇంకా దగ్గరయ్యేది. తిండి లేక దాని డొక్కలు ఎండిపోయాయి.

ఒకనాడు అలాగే పరిగెత్తి, వేపచెట్టు నీడన నెమరేస్తున్న గేదె పొట్ట చాటున దూరింది.

"అత్తా, డబ్బా మోత వినబడుతోందా?"

గేదె నెమరు ఆపి చెవి వంచింది. "వినబడుతోంది. నీలోంచే వస్తోంది పిల్లా. అది నీ గుండె."

చెవులపిల్లి ఇంకా బెదిరింది. "అయితే నా గుండెకి జబ్బు చేసిందా?"

"ఇంత దూరం నిన్ను మోసుకొచ్చిన గుండెకి జబ్బేమిటి? నువ్వు డబ్బా అనుకోగానే నిన్ను కాపాడాలని పాపం అది పరుగందుకుంటోంది. దాని మోతకి నువ్వు బెదురుతున్నావు, నీ బెదురుకి అది ఇంకా ఉరుకుతోంది. కాసేపు నా పక్కన పడుకో."

గేదె పొట్ట మెల్లగా లేస్తూ పడుతూ ఉంది. చెవులపిల్లి ఊపిరీ ఆ తీరుకే వచ్చింది. మోత నెమ్మదించింది.

మర్నాడు గట్టు ఎక్కగానే మళ్లీ డబడబ. చెవులపిల్లి ఈసారి పారిపోలేదు. ముందుకాలు ఎదమీద వేసుకుని, పసిపిల్లకి చెప్పినట్టు చెప్పింది.

"ఎవరూ రాలేదులే. పద, కాయలు తిందాం."