మాలకొండమ్మ ఇంటి పులుసు

"ఇది పులుసా, ఉప్పు కయ్యా?"

గురవయ్య విస్తరిని ముందుకు తోసినాడు. వరసలో కూచున్న ఆరుగురూ తలలెత్తి చూసినారు.

దొనకొండ విమానాల మైదానానికి కంకర తోలే లారీ డ్రైవర్లు, అక్కడ పని చేసే మేస్త్రీలు, రైలు దిగి పొద్దు పోయినవాళ్లు, వీళ్లందరికీ చవకలో దొరికేది మాలకొండమ్మ పూటకూళ్లిల్లు ఒకటే. పండుకోను చాప, కడుపుకు రెండు పూటలా తిండి. యుద్ధం వచ్చి మైదానం పెద్దదైన కాన్నుంచి అరుగు మీద చాప కూడా ఖాళీ ఉండటం లేదు.

ఆ ఇంటి వాకిట్లో నిలబడినప్పటి నుంచి గురవయ్యకు ఒళ్లు మండుతూనే ఉంది. కాళ్లు కడుక్కోను నీళ్లేవని గొంతు చించుకున్నాడు. చాప దులిపి నల్లులు రాలినాయని అరిచినాడు. అంతలో ఒక విమానం ఇంటి మీదుగా దిగుతా, కప్పులోని దుమ్మంతా ఆయన తలపాగా మీద రాల్చింది. దానికీ మాలకొండమ్మనే తిట్టినాడు.

ఇప్పుడు ఈ పులుసు.

పక్క విస్తరి ముందున్న డ్రైవరు అంకయ్య సర్దిచెప్పబోయినాడు. ఉప్పు రవంత పడిన మాట నిజమేనని, దినామూ ఇట్ల ఉండదని, ఆమె చేతి పులుసు కోసమే తాను క్యాంపు తిండి మానుకుని ఇంతదూరం వస్తానని చెప్పినాడు.

"దినామూ సంగతి నాకెందుకబ్బాయ్? నేను తినేది ఈ పూట."

మాలకొండమ్మ అన్నం గంప కింద పెట్టి నడుము మీద చెయ్యి వేసుకుంది. నాలుక అంత సుకుమారమైతే ఇక్కడికెందుకు వచ్చినావు, ఈ ఊళ్లో నీకు చుట్టపక్కాలే లేరా అని అడిగింది.

ఆ మాట గురవయ్యకు సూదిలాగా గుచ్చుకుంది.

"ఎందుకు లేరు? నా కన్నకూతురే ఉంది. మైదానానికి అవతల పక్క, పెంకుటింట్లో. అల్లుడు మేస్త్రీ, ఇరవై మంది కూలీలు ఆయన చేతికింద. పోతే పేరిన నెయ్యి వేసి పెడతది."

"మరి పోరాదా?"

పోవడానికే అర్ధవీడు నుంచి బండి కట్టించుకుని కంభం వచ్చి, రైలెక్కినాడు. రెండేళ్లుగా బాగున్నామని అల్లుడి కార్డులు వస్తున్నాయే గాని, కూతురు కంటికి కనబడింది లేదు. ఇంటిది పోరు పెట్టి పంపింది, బిడ్డ ఎట్లుందో నీ కండ్లతో చూసిరాపో అని. అయితే కూతురికి కానుపయ్యేదాకా ఆమె ఇంట్లో చెయ్యి కడగగూడదని వాళ్ల ఇంటి కట్టుబాటు. గురవయ్య నాయన తప్పలేదు, ఈయనా తప్పడు. ఆకలితో పోతే బిడ్డ బలవంతం చేస్తది. ఏడుస్తది. అందుకే కడుపు నింపుకుని, మధ్యాన్నం పైన పోదామనుకున్నాడు. రాత్రికి మళ్లీ ఈ చాప మీదికే రావాల. ఇదంతా వరసలో వాళ్లకు వినిపించి, కూతురింట నీళ్లు ముట్టని పరువు గలవాణ్ణి పట్టుకుని ఉప్పునీళ్లు తాపిస్తారా అని లేచినంత పని చేసినాడు.

"వండినామెను పిలువు. నేనే అడుగుతా."

ఆమె మగవాళ్ల ముందుకు రాదని మాలకొండమ్మ చెప్పింది. గురవయ్య వినలేదు. అప్పుడామె దగ్గరకొచ్చి, గొంతు తగ్గించింది.

"ఊరుకో అన్నా. మంచి కుటుంబం పిల్ల. మొగుడికి కాలు విరిగి మంచాన పడినాడు. నాలుగు నెలలుగా ఈ పొయ్యి కాడ కాలుతా ఉంది. ఒక్కనాడూ మాట పడలేదు."

"మొగుడు పడితే ఏంది? పుట్టిల్లు లేదా?"

"ఉందంట. భూములున్నోళ్లేనంట. వాళ్ల చెవిన పడితే తలెత్తుకోలేరని, ఈమె ఎవరితోనూ చెప్పనియ్యదు."

గురవయ్య మొహం కందగడ్డ అయింది. ఉప్పు మాట మరిచిపోయినాడు. వరసలో వాళ్లందరి వైపూ తిరిగినాడు.

"విన్నారా? కన్నబిడ్డ ఊరోళ్లకు గంటె తిప్పతా ఉంటే, ఆ నాయన అరుగు మీద కూచుని మీసం దువ్వుకుంటున్నాడు. ఆమె చెప్పకపోతే మాత్రం? కాళ్లు లేవా వానికి? ఒకసారొచ్చి పొయ్యిలో పిల్లి లేచిందో లేదో చూడొద్దా? ఎకరాలు ఎందుకు, తగలబెట్టనా?"

అంకయ్య తల ఊపినాడు. అది నిజమే మామా అన్నాడు. అవతల కూచున్న మేస్త్రీ కూడా, అటువంటోళ్లను పంచాయితీలో నిలబెట్టాలన్నాడు.

నలుగురు ఔననేసరికి గురవయ్యకు ఇంకా పూనకం వచ్చింది. ఎంగిలి చెయ్యి గాల్లోకి లేపి, వంటింటి తడక వైపు తిరిగినాడు.

"అమ్మా, నువ్వు బయటికి రావద్దులే. మీ నాయన పేరేందో, ఊరేందో చెప్పు, చాలు. తిరుగు రైలు దిగి మా ఇంటికి గూడా పోను. నేరుగా వాని గడపలోకే పోయి, నలుగుర్లో గడ్డి పెట్టి వస్తా."

తడక వెనక గిన్నెల చప్పుడు ఆగింది. అక్కణ్ణుంచే ఆమె మాట వచ్చింది.

"ఉప్పు తప్పు నాదే నాయనా. వాకిట్లో నీ గొంతు ఇనబడినాక, ఒకసారి ఏసింది మరిచి మళ్లీ ఏసినా."