జనగామ సూది

గట్టయ్య పటుకారు పట్టుకుని కొమురవ్వ గుడిసె ముందుకొచ్చాడు. వెనకాల సగం ఊరుంది. బాణామతి చేసేవాళ్ల పళ్లు ఊడబీకితే మంత్రం పలకదని ఆ ఊరి నమ్మకం.

“నా బిడ్డకు చేసినవ్ గదనే ముసల్దానా! నోరు తెర్వు!”

“నాకేం రాదు బిడ్డా. గది ఉత్త జరమే. జనగామ దవాఖానకు తీస్కపో,” అంది కొమురవ్వ. నాలుగు రోజులుగా ఆమెది ఇదే మాట.

“సకల జనుల సమ్మె నడుస్తుంది. బస్సుల్లెవ్వు, నర్మెట్ట తొవ్వ బంద్. అయినా బాణామతికి దవాఖానల మందుంటదా?”

అతని భుజం మీద ఆరేళ్ల పిల్ల వేలాడుతోంది. కళ్లు తేలేస్తోంది. కొమురవ్వ ఆ కళ్లనే చూసింది.

“అవ్, నేనే చేసిన,” అంది. “ఇగ నేను తీసినా పోదు. పొద్దుగూకకముందే జనగామల డాక్టర్ సూదేస్తెనే దిగుతది. ఉరుకు!”

పటుకారు కింద పడింది. పిల్లను ట్రాక్టర్ ఎక్కించారు. రాస్తారోకోలో కూర్చున్నవాళ్లే లేచి రాళ్లు పక్కకు జరిపారట.

వెళ్లిన ఆరో రోజు ట్రాక్టర్ తిరిగొచ్చింది. పిల్ల బిస్కెట్ పొట్లంతో తన కాళ్ల మీద తాను దిగింది. కొమురవ్వకు ఏడుపు ఆగలేదు.

గట్టయ్య ఆమె గడప ముందు నిలబడ్డాడు. “నువ్వన్నట్టే సూది పడంగనే దిగింది. అంటే చేసింది నువ్వే.”

ఈసారి వెనకాల ఊరంతా ఉంది. అతని చేతిలో పటుకారుంది.

“జర పిల్లను ఇంట్లకు పంపు గట్టయ్యా. చూస్తే జడుసుకుంటది,” అంది కొమురవ్వ.

తర్వాత తానే నోరు తెరిచింది.