నాలుగో పిస్టన్

కూతురు నాలుగో పిస్టన్‌ను బయటికి తీసి, గుడ్డతో తుడిచి, వెలుతురుకు పట్టి చూసింది.

"ఇది కూడా బాగానే ఉంది నాన్నా. ఒక్క గీతైనా లేదు. మరి ఆ రోజు వ్యాన్ ఎందుకు ఆగిపోయింది?"

"పాత ఇంజిన్ కదమ్మా, మొరాయించింది. కొత్త రింగులు తెచ్చాగా, వేసేద్దాం."

ఆసుపత్రి ఇంకా రెండు మైళ్ళు ఉందనగా వ్యాన్ ఆగింది. తల్లి వెనక సీట్లోనే ప్రాణం విడిచింది. మూడు నెలలుగా తండ్రి వాకిట్లో ఆ ఇంజిన్‌తోనే కుస్తీ పడుతున్నాడు. గ్యారేజీలో పనిచేసే కూతురు, ఆయన వద్దంటున్నా వినకుండా, ఇవాళ తనే పనిలోకి దిగింది.

ఉన్నట్టుండి ఆమె చేతులు ఆగిపోయాయి.

"ముందురోజు వ్యాన్ తీసుకెళ్ళింది నేనే. పెట్రోల్ ముల్లు పనిచెయ్యదని తెలిసీ, వచ్చేటప్పుడు పెట్రోల్ కొట్టించలేదు."

తండ్రి స్పానర్ వెతుకుతున్నట్టు తల వంచుకున్నాడు.

"నీకు తెలుసా నాన్నా?"

"ఆ రోజే తెలుసు. తప్పు ఇంజిన్‌దేనని అందరికీ చెప్పాను. నువ్వు కూడా నమ్మితే చాలనుకున్నాను తల్లీ."

ఆమె నేల మీద కూలబడింది. తండ్రి పక్కనే చతికిలబడి, ఆమె చేతికంటిన నూనెను ఒక్కో వేలే తుడవసాగాడు.