గొంతులో వెలుగు

"మూడు కిలోలు తగ్గారు. ఎందుకు తగ్గారు?" బరువు మిషన్ మీద నుంచి చూపు తిప్పకుండానే అడిగింది డాక్టరమ్మ.

మిషన్ మీద నిలబడ్డ ఆవిడ, గోడ వారగా చేతిసంచీ పట్టుకుని నిలబడ్డ భర్త వైపు గడ్డంతో చూపించి ఊరుకుంది.

భర్త గొంతు సవరించుకున్నాడు. గోడౌన్లో స్టోర్‌కీపరుగా చేసి రిటైరైన మనిషి. దేనికైనా తాళం వేస్తే తప్ప ఆయనకు నిద్ర పట్టదు.

"నా వల్లేనండి. ఈవిడ ఊపిరితిత్తిలో ట్యూమర్ ఉంది కదా, దానికి చక్కెరంటే ప్రాణమని చదివాను. అందుకని ఇంట్లో ఉన్న చక్కెర, పళ్ళు, బిస్కెట్లు అన్నీ బీరువాలో పెట్టి తాళం వేసేశాను. రాత్రి పూట తిండి కూడా మాన్పించాను. ఆకలితో దాన్ని మాడ్చేద్దామని."

"మాడిందెవరో ఆయన్నే అడగండి డాక్టరమ్మా," అంది భార్య కిటికీలోంచి బయటికి చూస్తూ.

"పక్కనే ఉన్నారుగా, మీరే అడగొచ్చు."

"మా మధ్య మాటల్లేవండి," అన్నాడు భర్త నెమ్మదిగా. "బీరువాకి తాళం వేసిన రోజు నుంచీ."

ఏళ్ళ తరబడి టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేసిన మనిషి ఆవిడ. ఆ నోరు మూతపడేసరికి ఇంట్లో గోడలకు కూడా తోచడం లేదు. వారం పైగా ఆయన తానే ప్రశ్న వేసుకుని, తానే జవాబు చెప్పుకుంటున్నాడు. నిన్న పొద్దున చొక్కా ఎక్కడుందని అడిగి, బీరువా కిందే ఉందని చెప్పుకుని, తీరా వంగి చూస్తే అక్కడ లేదు.

డాక్టరమ్మ కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది.

"దానికి చక్కెర ఇష్టమన్న మాట నిజమే. కానీ మీరు పెట్టకపోతే చేతులు ముడుచుకుని కూర్చునే రకం కాదది. బయట తిండి దొరక్కపోతే ఆ క్యాన్సర్ కణం తనలోనే అరిగిపోయిన భాగాల్నీ, పాడైపోయిన భాగాల్నీ ముక్కలు చేసుకుని తింటుంది. ఆ ముక్కలతోనే మళ్ళీ కొత్త సరుకు తయారుచేసుకుని బతికేస్తుంది. చిక్కిపోయేది మీ ఆవిడే."

ఆయన ముఖం చిన్నబోయింది. "మరి దాన్ని పట్టడమెలాగండి?"

"అలా తనని తాను తిని బతికే దారి మూసేయడానికే మేము ఆవిడకి ఇస్తున్న ఈ కొత్త మాత్రలు. ఇంకా పరీక్షల దశలో ఉన్న వైద్యం. మీ ఆవిడ విషయంలో పని చేసిందో లేదో ఇవాళ స్కాన్‌లో తెలుస్తుంది. ఆ పని మాకు వదిలేసి, స్కాన్ కాగానే మీరు ఆవిడకి కడుపునిండా పెట్టండి."

"ఆ మాట ఇంకోసారి గట్టిగా చెప్పండి," అంది భార్య కిటికీతో.

స్కాన్ గది దగ్గర నర్సు సిరంజీ పట్టుకుని సిద్ధంగా ఉంది. "ఇందులో చక్కెర లాంటి మందు ఉంటుంది," అంది.

"చక్కెరా?" ఉలిక్కిపడ్డాడు భర్త.

"ఇది వెతకడానికి వేసే చక్కెర, మేపడానికి కాదు. ఒంట్లో ఏ భాగం ఎక్కువ పని చేస్తుంటే అది దీన్ని లాక్కుని స్కాన్‌లో వెలుగుతుంది. అందుకే ఇంజెక్షన్ తర్వాత గంటసేపు ఒంటరిగా పడుకోవాలి. కదలకూడదు, ఏమీ నమలకూడదు. ముఖ్యంగా మాట్లాడకూడదు."

"ఆ భయం మీకక్కర్లేదు. ఈ మధ్య ఈవిడకి బాగా అలవాటైంది," అన్నాడు ఆయన.

భార్య కొరకొరా చూసి లోపలికి వెళ్ళింది. తలుపు మూసుకుంది. ఆయన దాని ఎదురుగానే బెంచీ మీద కూర్చున్నాడు. అరటిపళ్ళు కొనుక్కురావాలని ఒకటి రెండుసార్లు లేచాడు కానీ, ఆ తలుపును వదిలి వెళ్ళబుద్ధి కాక మళ్ళీ కూలబడ్డాడు.

మధ్యాహ్నానికి స్కాన్ బొమ్మలు వచ్చాయి. డాక్టరమ్మ తెర వాళ్ళ వైపు తిప్పింది.

"ఊపిరితిత్తిలో ఇక్కడ చూడండి. పోయినసారి బల్బులా వెలిగింది. ఇప్పుడు ఆ జాడే లేదు."

భర్త కళ్ళద్దాలు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. పెట్టుకుని, మళ్ళీ తీశాడు. భార్య పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అంతలో డాక్టరమ్మ వేలు తెర మీద పైకి జరిగి ఆగిపోయింది. గొంతు దగ్గర రెండు పక్కలా వెలుగు తళతళలాడుతోంది.

"ఇది పోయినసారి లేదే."

భర్త కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాడు. "నేను తిండి పెట్టకపోబట్టే గొంతులోకి పాకిందాండి? నా చేతులారా నేనే తెచ్చిపెట్టానా?"

"కంగారు పడకండి. అమ్మా, ఇంజెక్షన్ చేశాక మాట్లాడారా?"

"ఎవరితో మాట్లాడతాను? గదిలో పురుగు కూడా లేదు."

"ఫోన్లో?"

"ఫోను నా సంచీలోనే ఉందండి," అన్నాడు భర్త. "నేను తలుపు దగ్గరే ఉన్నాను. లోపలికి ఎవరూ వెళ్ళలేదు."

డాక్టరమ్మ నుదురు ముడిపడింది. "అయితే గొంతులోకి కెమెరా పంపి చూడాల్సిందే. అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుదాం."

భార్య ఏదో చెప్పబోయి, భర్త ముఖం చూసి, తల వంచుకుంది. ఆయన ఎన్నడూ లేనిది, డాక్టరమ్మ ఎదుటే ఆవిడ చేతిని అందుకున్నాడు. ఆవిడ విడిపించుకోలేదు.

డాక్టరమ్మ గంట నొక్కి స్కాన్ టెక్నీషియన్‌ని పిలిపించింది. "ఈవిడ పడుకున్న గదిలో ఇంకెవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరు మేడమ్," అన్నాడతను గుమ్మంలోనే నిలబడి, నవ్వాపుకుంటూ. "కానీ ఆ గదిలో మైకుంది కదా, నాకన్నీ వినిపించాయి. ఊరుకోమని స్పీకర్లో రెండుసార్లు చెప్పాను కూడా. ఈవిడ వినిపించుకోకుండా, ఆ ఖాళీ గదిలో గంటసేపూ 'ఏమండీ, వింటున్నారా' అంటూ కబుర్లు చెబుతూనే ఉన్నారు."